వసుధ తిరిగొచ్చిందని మెదక్‌లో అందరికీ తెలుసు

ఈ మధ్య మెదక్‌లో మా ఇంటికి ముగ్గురు అమ్మాయిలు వచ్చారు. డిగ్రీ అయిపోయింది, పుస్తకాల కంపెనీల్లో చేరదామనుకుంటున్నారు. "మేడం, ఎడిటర్ అంటే ఏం చేస్తరు? అచ్చుతప్పులు చూసుడేనా?" అని అందులో ఒకమ్మాయి అడిగింది. నాకు కొంచెం ఒళ్లు మండింది గానీ, అడగడంలో ఆ పిల్ల తప్పేమీ లేదు. జీవితమంతా ఆ పనే చేసిన నన్ను మా చుట్టాలు ఇప్పటికీ "ప్రెస్సుల పనిచేసేది" అనే అంటారు. అమ్మాయిలకు చాయ్ ఇచ్చి, మంచి నిఘంటువు కొనుక్కోండని చెప్పి పంపించేశాను. వాళ్లు వెళ్లాక సిగ్గనిపించింది. నిఘంటువు సంగతి ఎవరైనా చెబుతారు. నేను చెప్పాల్సింది వేరే ఉంది, అది ఇక్కడ రాస్తున్నాను.

ఎప్పుడు చేరాను, ఎప్పుడు సీనియర్‌నయ్యాను, ఎవరు శాలువా కప్పారు అన్నవి వదిలేస్తున్నాను. శాలువాలు బీరువాలో ఉన్నాయి, చలికాలంలో పనికొస్తున్నాయి.

నా పని

నేను పనిచేసింది హైదరాబాద్‌లో ఒక ప్రచురణ సంస్థలో. సోమవారం పొద్దున మెదక్ నుంచి బస్సెక్కడం, శనివారం సాయంత్రం తిరిగి రావడం. మా సంస్థకు పేరు తెచ్చింది "దూరనౌక" అనే ఏడు సైన్స్ ఫిక్షన్ నవలలు. నేను చేరేనాటికే వాటిని రాసినాయన పోయారు. ఆఫీసులో అందరం ఆయన్ని "పెద్దాయన" అనేవాళ్లం.

ఆ నవలలు చదవనివాళ్లకు రెండు ముక్కల్లో చెబుతాను. చంద్రుడి మీద, నేల కింద కట్టుకున్న ఊళ్లో వసుధ అనే అమ్మాయి పుడుతుంది. పెరిగి పెద్దదై నౌకలు నడుపుతుంది. ఏడో నవల చివర, సూర్యుడి వెలుగందని చలిప్రాంతంలో ఆరిపోయిన దారిదీపాన్ని వెలిగించడానికి చిన్న నౌకలో ఒంటరిగా వెళ్తుంది. ఆ దీపం వెలగకపోతే వెనకాల వస్తున్న జనమంతా దారి తప్పి పోతారు. చివరికి దీపం వెలుగుతుంది, వసుధ మాత్రం తిరిగి రాదు. ఆ చివరి పేజీలు చదివి తెలుగు పాఠకులంతా ఏడ్చారు, మెదక్ వాళ్లు తప్ప. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ఏడు నవలలూ అయిపోయినా పాఠకులు ఊరుకోలేదు, ఇంకా కావాలన్నారు. వసుధ పోయింది కాబట్టి కథను ముందుకు నడపలేం. అందుకని మా సంస్థ యజమాని శ్రీధర్ గారు వెనక్కి నడుపుదామన్నారు. మొదటి నవలకు ముందు ఏం జరిగిందో ఈ తరం రచయితలతో రాయించాలన్నది ఆయన ఆలోచన. పెద్దాయన కుటుంబం సరేనంది, ఆ తర్వాత మళ్లీ వేలు పెట్టలేదు. బయట వీటిని ప్రీక్వెల్స్ అంటారు. మేం "ముందుకథలు" అనేవాళ్లం. మొదటి ముందుకథ నుంచి నేను రిటైరయ్యేదాకా వచ్చినవన్నీ నా చేతి మీదుగానే వెళ్లాయి.

వాన కురవకూడదు

ఈ పనిలో మొదటి తలనొప్పి పేరున్న రచయితలతో వస్తుంది. మొదటి ముందుకథ రాసినాయన మంచి శైలీకారుడు. అధ్యాయమంతా వాన కురిపించాడు. పదహారేళ్ల వసుధ ఒక గ్రహం మీద వానలో తడుస్తుంది, గంతులేస్తుంది, తొలిసారి ఒకబ్బాయి చెయ్యి పట్టుకుంటుంది. చదువుతుంటే నాకే తడిసినట్టనిపించింది. ఇబ్బంది ఏమిటంటే, పెద్దాయన మొదటి నవలలో వసుధకు పాతికేళ్లు దాటాక వాన కనిపిస్తుంది. "ఇన్నేళ్లూ పుస్తకాల్లో చదివిన వాన ఇదేనా?" అంటుంది. పాతికేళ్లకు మొదటిసారి చూసిన వానలో పదహారేళ్లకే ఎలా తడుస్తుంది?

ఫోన్ చేసి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అది కృత్రిమ వాన అనుకోండి!" అన్నారు. అనుకోనన్నాను. నా మీద శ్రీధర్ గారికి ఫిర్యాదు వెళ్లింది. శ్రీధర్ గారు ఇద్దరి మాటా విని, "రచయితకు కోపమొస్తే ఒక వారం ఉంటుంది. పాఠకుడికొస్తే పుస్తకం ఉన్నన్నాళ్లూ ఉంటుంది. వాన తీసెయ్యండి" అన్నారు. తీసేశాం. బంగారం లాంటి అధ్యాయం పోయింది. దాని మీద నాకిప్పటికీ బెంగే, కానీ తీసెయ్యడమే సరైంది.

రెండో తలనొప్పి వస్తువులతో. పెద్దాయన రాసే రోజుల్లో టేపు రీళ్లంటేనే గొప్ప వింత. అందుకే ఆయన నౌకల్లో జ్ఞాపకమంతా టేపు రీళ్ల మీద ఉంటుంది. ఇప్పటి రచయితలు సెల్‌ఫోన్ కాలం వాళ్లు. వసుధ తాతకే అద్దంలాంటి పలక చేతికిచ్చి, మాట చెబితే పనిచేసేట్టు రాసేవారు. మరి తాత చేతిలో పలక ఉంటే మనవరాలు రీళ్లతో ఎందుకు కుస్తీ పడుతోంది? కాబట్టి ముందుకథలో ఉండే వస్తువులు పెద్దాయన వస్తువుల కంటే పాతవై ఉండాలి, అవి మనకు నవ్వు తెప్పించినా సరే. ఒక కుర్ర రచయిత విసిగిపోయి, "మేడం, వాళ్ల రాకెట్‌కు ఎద్దులను కట్టమంటారా?" అని అడిగాడు. అతనంటే నాకు ఇష్టం. చివరికి అతనే అందరికంటే బాగా సర్దుకున్నాడు.

ఇవన్నీ నేర్చుకుంటే వచ్చేవే. ఓపికా జ్ఞాపకశక్తీ ఉంటే చాలు. తర్వాత చెప్పబోయే జబ్బుకు మాత్రం నాకు మందు దొరకలేదు.

ముందే ఏడ్చే జబ్బు

ముందుకథ రాసే ప్రతివాళ్లకూ వసుధ చివరికి చచ్చిపోతుందని తెలుసు. అక్కడే వస్తుంది చిక్కు. ఆ తెలివి పుస్తకంలోకి కారిపోతుంది. పదేళ్ల వసుధ కిటికీలోంచి చీకట్లోకి చూసి నిట్టూరుస్తుంది. బడిలో టీచరు ఆమె తల నిమిరి కారణం లేకుండా కళ్లు తుడుచుకుంటుంది. తల్లి వేపుడు చేస్తూ చేస్తూ గరిట జారవిడుస్తుంది. ఎందుకమ్మా అంటే, "ఏమో, మనసు కీడు శంకిస్తోంది" అంటుంది. చేతిలోంచి గరిట జారినంత మాత్రాన కీడు శంకించాలంటే మన ఇళ్లలో రోజుకొక చావు జరగాలి.

నేను ప్రతుల అంచున ఎర్ర పెన్నుతో "ఆమెకింకా తెలియదు" అని రాసేదాన్ని. ఒక్కో ప్రతిలో ఆ మాట ఎన్నిసార్లు రాశానో! రచయితలు ఆ కన్నీళ్లు అక్కడ కొట్టేసేవాళ్లు, ఇంకో చోట మళ్లీ తెచ్చేవాళ్లు. వాళ్లను తిట్టీ లాభం లేదు. తెలిసిన చావును తెలియనట్టు రాయడం మనిషికి చాలా కష్టం. ఇంట్లో ఎవరికైనా జబ్బు నయం కాదని డాక్టరు మనకు ఒక్కరికే చెబితే, ఆ మనిషికి ఎప్పటిలా కాఫీ కప్పు అందించగలమా? చెయ్యి వణుకుతుంది. ఈ రచయితల చెయ్యి కూడా అలాగే వణికేది. అచ్చయిన ముందుకథలన్నీ అమ్ముడుపోయాయి, పేరూ తెచ్చుకున్నాయి. కానీ వాటిలో ఏ ఒక్క దాంట్లోనూ వసుధ హాయిగా చిన్నపిల్లలా బతకలేదు. ప్రేమలత పుస్తకం వచ్చేదాకా అంతే.

నర్సింలు రాసిన పేజీలు

ఇప్పుడు మెదక్ సంగతి. నా చిన్నప్పుడు ఇక్కడ నర్సింలు అనే ఆయన కిరాయి పుస్తకాల షాపు నడిపేవాడు. కుల్చారం, శివ్వంపేట నుంచి కూడా సంతకొచ్చినవాళ్లు పుస్తకం పట్టుకుపోయి వచ్చే వారం తెచ్చిచ్చేవాళ్లు. అన్ని చేతులు మారితే పుస్తకం ఏమవుతుంది? ముందు అట్ట పోతుంది, తర్వాత చివరి పేజీలు పోతాయి. అలాంటప్పుడు షాపువాళ్లు ఇంకో కాపీ తెచ్చి, పోయిన పేజీలను తెల్లకాగితం మీద చేత్తో రాసి అతికించేవాళ్లు. అది మామూలే. చేతిరాత పేజీ వచ్చిందని ఎవరూ అనుమానపడేవాళ్లు కాదు.

దూరనౌక ఏడో నవల చివరి పేజీలు కూడా అలాగే పోయాయి. నర్సింలు రాసి అతికించాడు. నేను ఎనిమిదో తరగతిలో ఆ కాపీయే చదివాను. అందులో వసుధ దీపం వెలిగించి తిరిగొస్తుంది. తలుపు తీసుకుని లోపలికొచ్చి, "ముందు అన్నం పెట్టండి. మిగతావి తర్వాత చెబుతాను" అంటుంది. అదే ఆఖరి మాట. చదివి నేను ఎంత సంతోషపడ్డానో ఇప్పటికీ గుర్తు.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆఫీసు కాపీ తీసి చదివితే వసుధ చచ్చిపోయింది. నమ్మలేకపోయాను. శనివారం మెదక్‌లో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నర్సింలు షాపుకు పోయాను.

"అన్నా, ఏడో నవల ఆఖరి పేజీలు ఏడికెళ్లి రాసినవ్?" అని అడిగాను.

ఆయన నవ్వాడు. "అసలు పేజీలు దొరికినవా? గవి నేనే రాసిన బిడ్డా. అసలుది ముందుగాల్నే సదివిన, ఎర్కే. రాద్దామని కూసున్న. గా పిల్ల గంత సలిల ఒక్కతే ఉన్నది, ఇగ రాదు అని రాయాలె గద, నాకు చెయ్యి రాలే. పొద్దంత పని జేసి అలిసిపోయినోళ్లు నా షాపుకొచ్చి పుస్తకం దీస్కపోతరు. ఆళ్లకు గిది ఎందుకియ్యాలె? రప్పించిన. ఇంటికొచ్చిన పిల్ల ముందుగాల ఏమడుగుతది? బువ్వ అడుగుతది. గదే రాసిన."

అలా మెదక్ చుట్టుపక్కల ఒక తరం పాఠకులకు వసుధ తిరిగొచ్చింది. నేను దాన్ని ఒక తమాషాగా గుర్తుపెట్టుకున్నాను, అంతే. అది నా ఉద్యోగంలోకి వచ్చి కూర్చుంటుందని అనుకోలేదు.

తెల్లజుట్టు వసుధ

ప్రేమలతది మెదక్‌లో చర్చి దగ్గర ఇల్లు. కుల్చారం బడిలో టీచరు. వారపత్రికల్లో ఆమె కథలు చూసి నేనే పట్టుకున్నాను. వసుధ చిన్నతనం మీద ముందుకథ రాస్తావా అంటే ఎగిరి గంతేసింది. మా పద్ధతి ప్రకారం రచయితకు ఆఫీసులో దాచిన ఏడు నవలల సెట్టు పంపాలి. ఆమె వద్దంది. "నా దగ్గర ఏడూ ఉన్నయి మేడం. నర్సింలన్న షాపు బంద్ జేసేటప్పుడు కొనుక్కున్న. అయే సదువుకుంట పెరిగిన." అప్పుడు నాకు తట్టలేదు. ఆ నవలలు మళ్లీ అచ్చుపడక చాలా కాలమైంది, ఇంకో కాపీ ఆమె కంటపడే అవకాశం లేదు. ముందుకథల్లో చావు మాట ఉండదు, మెదక్‌లో ఎవరినడిగినా వసుధ తిరిగొచ్చిందనే అంటారు.

మొదటి అధ్యాయం వచ్చింది. అందులో అరవై ఏళ్ల వసుధ, తెల్లజుట్టు ముడేసుకుని, మనవలను చుట్టూ కూర్చోబెట్టుకుని తన చిన్నప్పటి సంగతులు చెబుతోంది. ముప్పై అయిదేళ్లకే చచ్చిపోయిన మనిషికి మనవలెక్కడివి? రెండు నిమిషాలు పట్టింది నాకు. తర్వాత నర్సింలు గుర్తొచ్చి ఒక్కదాన్నే గట్టిగా నవ్వాను. ఫోన్ చేసి చెబుదామని నంబర్ కూడా తీశాను. ఈలోగా మిగతా పేజీలు చదవడం మొదలుపెట్టి, ఫోన్ పక్కన పెట్టేశాను.

ఆ పిల్ల బతికి ఉంది. వసుధ తమ్ముడితో కొట్లాడుతుంది, లెక్కల్లో సున్నా తెచ్చుకుని కాగితం దాచేస్తుంది, ఆకలేసి ఇల్లు పీకి పందిరేస్తుంది. తల్లి ఆమెను తిట్టాల్సినప్పుడు తిడుతుంది, మర్చిపోవాల్సినప్పుడు మర్చిపోతుంది. ఎవరి చెయ్యీ వణకడం లేదు. ఇన్నేళ్లు ఎర్ర పెన్నుతో అడిగీ అడిగీ సాధించలేనిది, ముగింపు తెలియని మనిషి చేతుల్లోంచి దానంతటదే వచ్చేస్తోంది. చెబితే పోతుంది.

నేను ప్రేమలతకు ఫోన్ చేసి, "ముసలామె మనవళ్లకు చెప్పుడు మస్తు పాతబడ్డది. అది తీసేయ్, సీదా చిన్నతనం నుంచే మొదలువెట్టు" అన్నాను. ఆ మాట అబద్ధం కాదు. అసలు కారణం మాత్రం అది కాదు. ఆమె సరేనని తీసేసింది.

ఇద్దరూ చెప్పమన్నారు

శ్రీధర్ గారి దగ్గర దాచలేదు. ఆయన విని కుర్చీలోంచి లేచారు. "ఇదేం పనండీ? ఆమె పేరు మీద వస్తుంది పుస్తకం. తను రాస్తున్న మనిషి బతుకుతుందో చస్తుందో రచయిత్రికే తెలియకుండా రాయిస్తారా? ఆమెను చిన్నపిల్లను చేస్తున్నారు మీరు."

"చివరి అధ్యాయం చేతికి రాగానే నేనే చెబుతాను. అచ్చుకు ముందే చెబుతాను" అన్నాను.

"అప్పుడామె పుస్తకం ఇవ్వనంటే?"

"ఇవ్వనంటే లేదు."

ఆయన ఒప్పుకోలేదు, అలాగని అడ్డుపడనూ లేదు. ఆయన మంచి యజమాని. నచ్చని పనిని ఎదుటివాళ్ల బాధ్యత మీద చెయ్యనిచ్చేవారు, అది కూడా చాలా అరుదైన గుణం.

నర్సింలు మాత్రం పరేషాన్ అయ్యాడు. షాపు తీసేసినా, అదే గదిలో ఆయన కొడుకు జిరాక్స్ మిషన్ పెట్టుకున్నాడు. ఒక అరలో పాత పుస్తకాలు ఇంకా ఉన్నాయి. సంగతి చెబితే ఆయన ముఖం వాడిపోయింది.

"నా రాతతోటి గా పిల్ల పరువు వోతదా ఏంది? మస్తు తప్పయిపోయింది. ఇయ్యాల్నే చెప్పు బిడ్డా. నువ్వు చెప్పకుంటే నేనే పోయి చెప్త."

"అన్నా, ఆమె రాసేది నువ్ సదివితే గిట్లనవు. జర ఆగు. ఆఖరి అధ్యాయం రాసినంక నేనే చెప్త."

"నువ్వు పుస్తకం సంగతి చూస్తున్నవ్. నేను పిల్ల సంగతి చూస్తున్న" అన్నాడాయన. అయినా ఆగమన్నాను. ఆయన నా మీద గౌరవంతో ఆగాడే గానీ, నేను చెప్పింది నచ్చి కాదు.

ఆ నెలలన్నీ నాకు సుఖంగా లేవు. ప్రేమలత ఫోన్‌లో, "వసుధ ముసల్ది అయినంక అమ్మ లెక్కనే కసురుతుంటది గద మేడం?" అని నవ్వుతూ అడిగేది. "ఆ ముచ్చట తర్వాత జూద్దాం" అని మాట తప్పించేదాన్ని.

చర్చి అయిపోయాక

చివరి అధ్యాయం వచ్చింది. నౌకల బడిలో చేరడానికి వసుధ ఇల్లు వదిలి వెళ్తుంది. ప్రేమలత వాళ్ల ఇంట్లో, అందరూ తిన్నాక కడిగిన కంచాలు బోర్లించి పెడతారట. ఇంకా తినాల్సినవాళ్లుంటే వాళ్ల కంచం బోర్లించరు. దాన్ని ఆమె చంద్రుడి మీదికి పట్టుకెళ్లింది. గుమ్మం దాటుతూ వసుధ తల్లితో అంటుంది, "నా కంచం బోర్లించకు, వచ్చి తింటాను." పుస్తకం అక్కడ అయిపోతుంది.

నర్సింలు ముగింపుకు చక్కగా అతికే మాట అది. అక్కడ బువ్వ అడుగుతుంది, ఇక్కడ కంచం ఉంచమంటుంది. పెద్దాయన ముగింపు పక్కన పెట్టి చదివితే ఆ కంచంలో ఎవరూ తినరు. ఆఫీసులోనే ఏడ్చాను.

ఆ ఆదివారం, చర్చి అయిపోయే వేళకు ప్రేమలత ఇంటికి వెళ్లాను. మెచ్చుకోవడానికి వచ్చాననుకుని కేకు ముక్క తెచ్చి పెట్టింది. నేను ఆఫీసు కాపీ ఆమె చేతికిచ్చి, "ఆఖరి రెండు పేజీలు సదువు" అన్నాను.

నిలబడే చదివింది. మళ్లీ చదివింది. "ఇదేంది?" అంది.

"పెద్దాయన రాసింది గిదే. నీ కాపీల ఉన్నది నర్సింలన్న సొంతంగ రాసిండు."

"వసుధ సచ్చిపోతదా మేడం?" చుట్టాల్లో ఎవరి గురించో అడిగినట్టు అడిగింది.

"అవును."

పుస్తకం మూసింది. తర్వాత, "మీకెప్పటి సంది తెలుసు? నాకు తెల్వదని?" అని అడిగింది.

"నీ మొదటి అధ్యాయం వచ్చినప్పటి సంది."

"అంటే ముసలి వసుధను గందుకే తీసేయమన్నరు." గొంతు పెరిగింది. "మీకు తెలుసు, మీ సారుకు తెలుసు, నర్సింలన్నకు తెలుసు. నాకొక్కదానికే తెల్వదు. గిన్ని దినాలు నేను ఫోన్ల నవ్వుకుంట మాట్లాడుతుంటె మీరు ఊకున్నరు. నన్ను నమ్మలే మీరు. తెలిసి కూడ రాయగలుగుతనని నమ్మలే."

"నిన్ను కాదు, ఎవ్వరిని నమ్మలే. తెలిసినోళ్లు ఎట్ల రాస్తరో చానా చూసిన."

"నేను ఎవ్వరిని కాదు మేడం. నేను ప్రేమలతను." పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "నా నవల వాపస్ ఇయ్యుండ్రి. అచ్చెయ్యొద్దు."

మర్నాడే పంపించేశాను. శ్రీధర్ గారు అచ్చుకు వెళ్లే పుస్తకాల పట్టీలోంచి దాని పేరు కొట్టేశారు. దానికంటే నన్ను తిట్టినా బాగుండేది. అంత మంచి పుస్తకాన్ని నా చేతులతో నేనే పోగొట్టానేమోనని ఆ రోజుల్లో అన్నం సహించలేదు.

ఆమె తేల్చింది

వానాకాలం మొదలయ్యాక ఒక ఆదివారం ప్రేమలత మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు. సంచిలోంచి కట్ట తీసి బల్ల మీద పెట్టింది.

"తెలిసినంక ఆఖరి అధ్యాయం మళ్ల రాసిన. మీకు చూపియ్యాలనే రాసిన. రాసి నర్సింలన్నకు సదివి వినిపించిన" అంది.

"ఏమన్నడు?"

"ఆయన అనేదాంక ఎందుకు? సదువుతుంటే నాకే సమజైంది. తల్లి గుమ్మంల నిలవడి ఊకెనే ఏడుస్తుంది. ఎందుకేడుస్తుందో ఆమెకే తెల్వదు. నేనే ఏడుస్తున్న, ఆమె కండ్లల్లకెళ్లి. చింపేసిన." కట్ట మీద చెయ్యి వేసింది. "ఇది పాతదే. ఒక్క మాట మార్చలే. మీరు గూడ మార్చొద్దు. అచ్చేసుకోండ్రి."

నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. లేచి ఆమె చెయ్యి పట్టుకోబోయాను. ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"మీరన్నది కరెక్టే మేడం. అయినా మీతోటి మళ్ల పనిచెయ్య."

చెయ్యలేదు కూడా. తర్వాత ఆమె సొంత నవలలు రెండు వచ్చాయి, రెండూ వేరే ఎడిటర్ దగ్గర. కొని చదివాను. బాగున్నాయి. చర్చి దగ్గర కనబడితే నమస్కారం పెడుతుంది, నేనూ పెడతాను. నన్ను అడిగితే మళ్లీ అలాగే చేస్తానంటాను, ఆ పుస్తకానికి వేరే దారి లేదు. ఆ పిల్ల అలా వెనక్కి జరిగిన అడుగు మాత్రం నా జీతంలో పడ్డ కోతే అనుకోవాలి. ఎడిటర్ పనిలో చేరే అమ్మాయిలూ, మీరు రచయితకు చుట్టమా పుస్తకానికి చుట్టమా అని ఒకరోజు తేల్చుకోవాల్సి వస్తుంది. రెండూ అంటే కుదిరే రోజులు చాలానే ఉంటాయి. కుదరని రోజు కూడా వస్తుంది.

పుస్తకం అచ్చయింది. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పాఠకులు ఆఫీసుకు ఫోన్లు చేశారు. అందరిదీ ఒకటే మాట, చివర కంచం దగ్గర ఏడుపు ఆగలేదని. చిన్నపిల్ల గురించి ఇంత సరదాగా రాసి చివరికి ఇలా పొడుస్తారా అని ఒకాయన పోట్లాడారు.

రిటైరై మెదక్ వచ్చేశాక ఒక మధ్యాహ్నం జిరాక్స్ తీయించుకోవడానికి నర్సింలు కొడుకు షాపుకు వెళ్లాను. నర్సింలు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పాత పుస్తకాల అరలో ఏడు నవలల పక్కన ప్రేమలత పుస్తకం కూడా పెట్టాడు. హవేలిఘనపూర్ నుంచి ఒకామె వచ్చి ఆ పుస్తకం వాపసు ఇస్తోంది. నా ఈడు మనిషే. చిన్నప్పుడు ఇదే షాపులో ఏడు నవలలూ చదివిందట. ఇది రాయించింది నేనేనని నర్సింలు చెప్పగానే ఆమె ముఖం వెలిగిపోయింది.

"మస్తు మంచిగున్నది మేడం. ఆఖరికి నాకైతే నవ్వొచ్చింది. కంచం బోర్లించకు, వచ్చి తింట అంటది సూడుండ్రి. అన్నట్టే వచ్చి తిన్నది గద!"

నర్సింలు నా వైపు చూశాడు. నేనాయన వైపు చూడలేదు.

"తిన్నదమ్మా" అన్నాను. "కడుపునిండ తిన్నది."